నా పేరుతో మూసిన ఇన్సిడెంటు

ఆ ఇన్సిడెంటును నేను మూయలేదు. ‘మూసినవారు’ అన్న చోట మాత్రం నా పేరుంది. ‘కారణం’ అన్న చోట ‘ఆపరేటర్ నమోదు లోపం’ అని ఉంది. ఆ ఆపరేటర్ నేనే. లోపం నాది కాదు. ఈ రెండు అబద్ధాలు కంపెనీ దస్త్రంలో నాలుగేళ్లకు పైగా నిలిచి ఉన్నాయి. నేను పదవీ విరమణ చేసి ఇంటికి వచ్చాక కూడా నిలిచే ఉన్నాయి.

ఇక సంగతి మొదటినుంచి చెబుతాను.

కరోనా వచ్చిన ఏడాది వేసవిలో నన్ను జగిత్యాల సహాయ కేంద్రానికి సీనియర్ సపోర్ట్ ఆపరేటర్‌గా వేశారు. అప్పటికి నాకు యాభై ఎనిమిది. పదో తరగతి తప్పినవాణ్ని. కోరుట్లలో టైపు నేర్చుకున్నాను, ఎస్టీడీ బూత్ నడిపాను, ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటర్ పెట్టి పదేళ్లు గల్ఫ్ పోయేవాళ్ల ఫారాలు నింపాను. ఇంగ్లిషు నిఘంటువు పక్కన పెట్టుకుని కంప్యూటర్ పుస్తకాలు చదువుకున్నాను. డిగ్రీ లేదని నన్ను రెండు చోట్ల వెనక్కి పంపారు. మూడో చోట తీసుకున్నారు. అదే హైదరాబాద్‌లోని ఈ ప్రైవేటు కంపెనీ. పేరు ఇక్కడ అనవసరం.

గల్ఫ్‌లో చిక్కుకుపోయిన కూలీలను ప్రత్యేక విమానాల్లో ఇంటికి చేర్చడానికి అక్కడి మనవాళ్లు కలిసి ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు. ఎవరు ఏ క్యాంపులో ఉన్నారు, ఎవరికి రోగం, ఎవరు ఏ విమానానికి రావాలి అనే జాబితా నడిపే సాఫ్ట్‌వేర్ మా కంపెనీ ఇచ్చింది. కుటుంబాల నుంచి వివరాలు తీసుకుని నమోదు చేయడం, జాబితాలో తేడా వస్తే పైకి చెప్పడం మా పని. జగిత్యాల గదిలో నేనొక్కణ్ని కూర్చునేవాణ్ని. కోరుట్ల నుంచి లాక్‌డౌన్ పాసు చూపించుకుంటూ స్కూటర్ మీద వచ్చేవాణ్ని. నాతోపాటు పని చేసే స్వప్న సిరిసిల్లలో ఇంటినుంచే చేసేది. వాళ్ల నాన్నవి ఎనిమిది సాంచాలు. అంటే మరమగ్గాలు. అన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఆ షెడ్డులోనే ఒక మూల బల్ల వేసుకుని కూర్చునేది.

సాఫ్ట్‌వేర్ పనిలో ఇన్సిడెంటు అంటే నడుస్తున్నది నడవకుండా పోవడం. పాత రోజుల్లో అలా జరిగితే ఫోన్లే. నేను ఒకరికి చేస్తే వారు ఇంకొకరికి చేసేవారు. సాయంత్రానికి ఎవరు ఏం చేస్తున్నారో ఎవరికీ తెలిసేది కాదు. మా కంపెనీలో దానికి చాట్ గది ఉండేది. బృందమంతా అందులో ఉంటాం. మాటకు ముందు ఒక వాలుగీత పెట్టి కొడితే అది కబురు కాదు, ఆదేశం. వాలుగీత పెట్టి ‘ఓపెన్’ అని కొట్టి విషయం రాస్తే, చాట్‌లో ఉండే బాట్ అనే ప్రోగ్రాం ఇన్సిడెంటు తెరిచి నంబరు వేస్తుంది. తెరిచినవారి పేరును యజమానిగా రాసుకుంటుంది. ‘టేక్’ అని కొట్టినవారు ఆ పనిని మీద వేసుకున్నట్టు. ‘క్లోజ్’ అంటే ముగిసినట్టు. ఏ నిమిషానికి ఎవరు ఏమన్నారో అన్నీ నిలిచి ఉంటాయి. ఈ పద్ధతిని నేను ఇవాళ కూడా తప్పు పట్టను. నోటిమాటకు సాక్ష్యం లేని చోట బతికినవాణ్ని. రాత విలువ నాకు తెలుసు.

తీవ్రతకు నాలుగు అంతస్తులుండేవి. మొత్తం ఆగిపోతే లెవెల్ ఒకటి. అది తెరవగానే ఆ పూట బృందాన్ని నడిపే డ్యూటీ లీడ్ ఫోను మోగుతుంది. ఎత్తకపోతే పావుగంటకు మేనేజరుకు, ఆ తర్వాత డైరెక్టరుకు మోగుతుంది. పాతిక మందికి మించి ఇబ్బంది అయితే లెవెల్ రెండు. అంతకు తక్కువైతే మూడు. మూడుకు ఏ ఫోనూ మోగదు. రెండు పనిదినాల్లో ఎవరో ఒకరు చూస్తారు. నాలుగు అంటే అక్షరం వంకర, రంగు తేడా. మేము ఏ లెవెల్‌తో అయినా తెరవవచ్చు. మార్చే అధికారం మాత్రం లీడ్‌కు, ఆ పైవాళ్లకే.

ఒక బుధవారం పొద్దున రుద్రంగి దగ్గరి పల్లె నుంచి పద్మ అనే ఆమె వచ్చింది. బీడీలు చేసే మనిషి. మొహానికి కొంగు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఫోను నా వైపు చాచింది. అందులో మా సాఫ్ట్‌వేర్ పంపిన సందేశం: ‘గంగారాం గారు క్షేమంగా చేరుకున్నారు. మీ అభ్యర్థన పూర్తయింది.’

“చేరిండని రాసిన్రు సారూ. ఏడ చేరిండు?” అంది. “చేరినోడు గిప్పుడే మస్కట్ నుంచి ఫోన్ల ఏడ్చిండు.”

ఆమె భర్త చిన్న గంగారాం. మస్కట్ దగ్గర ఒక లేబర్ క్యాంపులో ఉన్నాడు. షుగర్ ఉన్న మనిషి. కాలి బొటనవేలి దగ్గర దెబ్బ తగిలి పుండు పడింది. క్యాంపు మూసేశారు, మందు అయిపోయింది, పుండు పైకి పాకుతోంది. శుక్రవారం విమానంలో అతనికి చోటు రాసి నేనే నమోదు చేశాను. ఆ తర్వాతి విమానం ఎప్పుడో సంఘానికే తెలియదు. శుక్రవారం జాబితా గురువారం మధ్యాహ్నం పన్నెండుకు ముగుస్తుంది. ఆ తర్వాత పేరు చేర్చరు.

నేను వివరాలు తెరిచి చూశాను. చిన్న గంగారాం పేరుతో రికార్డే లేదు. గంగారాం అని ఒకటే ఉంది. పోయిన వారం విమానం దిగి చేరుకున్నట్టు ఉంది.

దిగింది ఎవరో పద్మకు తెలుసు. ఫోను కలిపి స్పీకర్ పెట్టింది. అవతల ఒక పెద్ద గొంతు.

“అచ్చింది నేను సారూ! నడిపి గంగారాంను. బాయికాడ కొట్టంల పద్నాలుగు దినాలు పండుమన్నరు, పండుకున్న. ఎడ్లు గిట్ల నన్నే చూస్తున్నయి. తమ్ముడు గాడనే ఉన్నడు. మా అవ్వ ముగ్గుర్ని కన్నది, మీ కంప్యూటర్ డబ్బ ఒక్కన్నే లెక్కవట్టిందా?”

“బావా, జర మెల్లగ మాట్లాడు, సారు గిన్నే ఉన్నడు,” అంది పద్మ.

“ఇననియ్యి. నన్ను ఆపేసి తమ్మున్ని తోలుమను. నేను మళ్ల పోతా గావాలంటె.”

మా ప్రాంతం ఎరగనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొక్కు మొక్కితే కలిగాడనో, తాత పేరు నిలపాలనో ముగ్గురు కొడుకులకూ ఒకటే పేరు పెట్టుకునే ఇళ్లు మా వైపు ఉన్నాయి. పెద్ద గంగారాం, నడిపి గంగారాం, చిన్న గంగారాం. నడిపి అంటే నడుమ పుట్టినవాడు. ఇవి ముద్దుపేర్లు కావు. బడిలో ఇవే, రేషన్ కార్డులో ఇవే, పాస్‌పోర్టులో కూడా ఇవే. మాకిచ్చిన నమోదు నియమాల్లో నాలుగోది ఏమంటుందంటే, పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం మార్చకుండా అలాగే కొట్టాలి. నేను అలాగే కొట్టాను.

పోయిన వారమే హైదరాబాద్‌లో పేర్లు శుభ్రం చేసే ప్రోగ్రాం ఒకటి కొత్తగా పెట్టారని చాట్‌లో ప్రకటన వచ్చింది. శ్రీ, శ్రీమతి, డాక్టర్ లాంటివి పేరు ముందునుంచి తీసేస్తుందట. రెండుసార్లు నమోదైన మనిషి ఉంటే ఒక్కటిగా కలుపుతుందట. ఆ శ్రీల వరసలో ఎవరో పెద్ద, నడిపి, చిన్న కూడా వేశారని నాకు అప్పుడు అర్థమైంది. అవి తీసేస్తే అన్నదమ్ములిద్దరికీ పేరు ఒకటే. తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, క్యాంపు అన్నీ ఒకటే. పాస్‌పోర్టు నంబరు వేరే కదా అంటారు. పాస్‌పోర్టులు చాలామందివి అక్కడి యజమాని దగ్గరే ఉండిపోతాయి. కూలీలు తాత్కాలిక పత్రంతో వస్తారు. దాని నంబరు వేరు. అందుకని నంబరు కలవకపోయినా కలిపేయమని ప్రోగ్రాంకు చెప్పి పెట్టారు. అలా నడిపివాడు దిగగానే చిన్నవాడు కూడా దిగిపోయాడు.

పది నలభైకి లెవెల్ ఒకటితో ఇన్సిడెంటు తెరిచాను. ‘పేర్ల శుభ్రం వల్ల వేరు వేరు మనుషులు ఒకటిగా కలుస్తున్నారు’ అని విషయం రాశాను. రెండు నిమిషాల్లో డ్యూటీ లీడ్ కిరణ్ ‘టేక్’ కొట్టాడు. కిరణ్‌కు ముప్పై కూడా ఉండవు. తెలివైనవాడు, మర్యాద ఎరిగినవాడు. ఫోను చేశాడు.

“అంకుల్, నేను చూశాను. ఒక్క రికార్డు. ఒక్క రికార్డుకి లెవెల్ వన్ ఎలా పెడతారు?”

“ఒక్కటే ఎట్లైతది బాబూ? గీ జిల్లాల ఒక్కడే నడిపోడు ఉన్నడా?”

“ఎంతమంది ఉన్నారో చూపించండి. అప్పటిదాకా ఇది మూడే.”

నా కళ్ల ముందే చాట్‌లో ఒకటి పోయి మూడు వచ్చింది. బాట్ దాన్ని కూడా నిమిషంతో సహా రాసుకుంది. పద్మ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. ఏమైందని అడిగింది. చూస్తున్నారని చెప్పాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆమె మధ్యాహ్నం దాకా బయట మెట్ల మీద కూర్చుని, ఊరికి పోయే ఆటో ఒకటి దొరికితే వెళ్లింది.

ఎంతమందో చూపించమన్నాడు. కలిసిపోయిన రికార్డులు వెతికే అధికారం మాకు లేదు. మాకు కనబడేది కలిసిన తర్వాతి పేరే. పాత కాగితాల మీద రాసుకున్న పేర్లు నా దగ్గర ఉన్నాయి. నేను అన్నీ కాగితం మీద రాసుకున్నాకే కంప్యూటర్‌లో కొట్టేవాణ్ని. స్వప్న నవ్వేది దానికి. ఆ రోజు నవ్వలేదు. మెట్‌పల్లి, వీర్నపల్లి, రుద్రంగి వైపువి ఆమెకు చదివాను. పేరు ముందు పెద్ద, నడిపి, చిన్న ఉన్న ప్రతి ఇంటికీ ఇద్దరం ఫోన్లు మొదలుపెట్టాం. మీవాడు వచ్చాడా, లేదా? వచ్చాడని మెసేజ్ వచ్చిందా? కొందరు రాత్రింబవళ్లు ఆ మెసేజ్‌నే చూసుకుంటూ కూర్చున్నారు. వీర్నపల్లి దగ్గర ఒక ముసలాయన, కొడుకు చేరుకున్నాడు గానీ హైదరాబాద్‌లో ఎక్కడో ఆసుపత్రిలో పెట్టి మాకు చెప్పడం లేదని నమ్ముతున్నాడు. ఆయనకు నిజం చెప్పడానికి స్వప్నకు అరగంట పట్టింది.

“కాకా, నాతోని గాదు గిది,” అంది ఆ ఫోను తర్వాత. “కొడుకు రాలేదంటె ముసలాయన సంబురపడ్డడు. దవఖాన్ల లేడు గద అని.”

సాయంత్రం ఆరుకు పంతొమ్మిది పేర్లు తేలాయి. పాతికకు ఆరు తక్కువ. ఇన్సిడెంటు కింద ఒక్కొక్కరి పేరు, ఊరు, క్యాంపు, ఎవరితో కలిసిపోయారో వరసగా రాశాను. మిగిలిన ఇళ్ల ఫోన్లు కలవడం లేదనీ, శుక్రవారం విమానానికి వీళ్లలో నలుగురున్నారనీ, చిన్న గంగారాం కాలి సంగతీ కూడా రాశాను. ఏడు దాటితే పాసున్నా రోడ్డు మీద ఆపుతారు. స్కూటర్ తీశాను.

నేను చేసిన తప్పు ఇదీ. లెవెల్ మూడులో ఎంత రాసినా ఎవరి ఫోనూ మోగదని నాకు తెలుసు. తెలిసి కూడా, రాశాను కనుక చెప్పినట్టే అనుకున్నాను. కిరణ్‌కు ఒక్క ఫోను చేసి, చదివావా అని అడగవలసింది. అడగలేదు. తర్వాత వచ్చిన సమీక్ష రిపోర్టులో నా గురించి రాయవలసిన తప్పు అదొక్కటే. అది అందులో లేదు.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు గదికి వచ్చి చాట్ తెరిచాను. ఇన్సిడెంటు మూసి ఉంది. సమయం ఆ పొద్దున ఏడు యాభై. మూసినవారు: రాజేశం. అది నా పేరు. కారణం: ఆపరేటర్ నమోదు లోపం. ఏడు యాభైకి నేను మేడిపల్లి దగ్గర పోలీసులకు పాసు చూపిస్తున్నాను.

ముందు నాకు కోపం రాలేదు. భయం వేసింది. ఎప్పుడైనా నా చెయ్యి పడి నేనే మూశానా అని రెండు మూడుసార్లు వెనక్కి పోయి చూసుకున్నాను. తర్వాత గడియారం చూశాను. మూడున్నర గంటలుంది.

మళ్లీ తెరిచే అధికారం లీడ్‌కే. ముందురోజు పొద్దున ఎక్కిన కిరణ్ ఎనిమిదికి డ్యూటీ దిగిపోయాడు. ఫోను ఆపేసి ఉంది. అతని తర్వాత రావలసిన మాధవి ఇంకా చాట్‌లో డ్యూటీ అందుకోలేదు. అదే విషయంతో కొత్తది తెరవబోతే బాట్ ఒప్పుకోలేదు. ‘ఈ విషయం ఇప్పటికే పరిష్కారమైంది’ అంది. మాట మార్చి, ‘చిన్న గంగారాం జాబితాలో లేడు’ అని లెవెల్ ఒకటితో తెరిచాను. డ్యూటీ అందుకోలేదు కనుక ముందు కిరణ్ ఆగిన ఫోనుకే పోయింది. పావుగంట తర్వాత మేనేజరుకు మోగింది. ఆయన నిన్నటిదే కదా అని ఒక ముక్క రాసి, మూడు చేసి పోయాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. సమీక్షలో ఉన్నానని సందేశం వచ్చింది.

తొమ్మిదిన్నర అయింది. పద్మ ఫోను. అతనికి జ్వరం వచ్చిందట, వేలు నల్లబడిందట. పేరు పడ్డదా సారూ అని అడిగింది. ఇంకా పడలేదని చెప్పాను. ఆమె బావి దగ్గరి నుంచే చేస్తున్నట్టుంది, వెనక కొట్టంలోంచి నడిపి గంగారాం ఎవరినో తిడుతున్నాడు, నన్నో డబ్బనో తెలియదు.

స్వప్నకు ఫోను చేసి సంగతి చెప్పాను.

“కాకా, ఒక్కోల్ల పేరు మీద ఒక్కో ఇన్సిడెంటు తెరుద్దామా? పంతొమ్మిది. అన్నీ లెవెల్ ఒకటి. పేర్లు వేరైతె బాట్ ఆపది. గన్ని మోగినంక ఎవడన్న లేవకపోతడా?”

“లేస్తరు. లేసినంక మన ఉద్యోగాలు పండుకుంటయి.”

“పండుకుంటె పండుకోనీ. మా నాయిన సాంచాలు గూడ పండుకున్నయి.”

నియమం ప్రకారం అది నేరం. ఒకే కారణానికి రెండు లెవెల్ ఒకట్లు తెరవకూడదు. అంతా ఆగిపోయినప్పుడు మోగాల్సిన ఫోను అది. ఊరికే మోగితే రేపు నిజంగా ఆగిపోయినప్పుడు ఎవరూ ఎత్తరు. ఆ నియమం సరైనదే. దాన్ని తెలిసే తప్పాను. స్వప్న సగం తన పేరు మీద తెరుస్తానంది. ఒప్పుకోలేదు. ఆమెకు ఇంకా ముప్పై ఏళ్ల ఉద్యోగం ఉంది, నాకు రెండేళ్లు.

“నువ్వు పేర్లు చదువు బిడ్డా. కొట్టేది నేను.”

ఆమె చదివింది. నేను కొట్టాను. చిన్న రాజం. పెద్ద మల్లయ్య. నడిపి నర్సయ్య. ఒక్కొక్కరికీ వాలుగీత, ఓపెన్, పేరు, లెవెల్ ఒకటి. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టి దిద్దాను. పదో పేరు దగ్గర బాట్ నిమిషం ఆగింది. పాడైందేమో అనుకున్నాం. మళ్లీ కదిలింది. పది గంటలకు పంతొమ్మిదీ తెరిచి ఉన్నాయి. పంతొమ్మిదింటికీ యజమాని రాజేశం.

పది ఇరవైకి నా ఫోను మోగింది. డైరెక్టరు. అంతకు ముందు ఆయన గొంతు నేను వినలేదు. ఎవరు మీరు, ఏం జరుగుతోంది, నా ఫోను ఆగడం లేదు అన్నాడు. నేను సంగతి చెప్పాను. రెండు నిమిషాలు మించలేదు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

“చిన్న, పెద్ద అనేవి పిలుపులు కదా? పేర్లెలా అవుతాయి?”

“పాస్‌పోర్టు తీసి చూడుండ్రి సార్. పంపిచ్చిన.”

నిజంగానే అప్పటికి, ఇళ్లవాళ్లు ఇచ్చిన మూడు పాస్‌పోర్టు నకళ్ల బొమ్మలు చాట్‌లో ఆయనకు పంపాను. ఆయన చూస్తానని పెట్టేశాడు. ఐదు నిమిషాల్లో మాధవి చాట్‌లోకి వచ్చి పంతొమ్మిదింటికీ ‘టేక్’ కొట్టింది. పదకొండుకు శుభ్రం చేసే ప్రోగ్రాంను ఆపేసింది. కలిసినవాటిని విడదీసే పని మొదలుపెట్టింది. పదకొండున్నరకు చిన్న గంగారాం రికార్డు తిరిగి వచ్చింది. కానీ దాని పక్కన ‘చేరుకున్నారు’ అనే ఉంది. రికార్డు విడిపోయింది గానీ స్థితి విడిపోలేదు. చేరుకున్నవాడికి విమానంలో చోటు ఇవ్వరు. దాన్ని ఒక్కొక్కటిగా చేత్తో మార్చాలి. ముందు శుక్రవారంవాళ్లు నలుగురివి మార్చమని చాట్‌లో రాసి, రాసి ఊరుకోకుండా మాధవికి ఫోను చేసి కూడా చెప్పాను.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా స్వప్న మస్కట్‌లో జాబితా పంపే సంఘం కార్యకర్తను ఫోనులో పట్టుకుంది. అతనిది కేరళ. ఆమెకు మలయాళం రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరికీ వచ్చిన కొద్దిపాటి హిందీలో పావుగంటకు పైగా అతన్ని ఆపింది. ఏం మాట్లాడావని తర్వాత అడిగితే, కొంతసేపు వాళ్ల అమ్మ ఆరోగ్యం అడిగానంది. పన్నెండు పన్నెండుకు నాలుగో పేరు జాబితాలో పడింది. పన్నెండు ఇరవైకి జాబితా పోయింది.

చిన్న గంగారాం శుక్రవారం వచ్చాడు. విమానాశ్రయం నుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు వేళ్లు తీసేశారు. పద్మ ఆసుపత్రి నుంచి ఫోను చేసి, “రెండు వేళ్లు పోయినయి సారూ, కాలు ఉన్నది” అని చెప్పి పెట్టేసింది.

పది రోజులకు వీడియో కాల్‌లో సమీక్ష జరిగింది. ప్రతి పెద్ద ఇన్సిడెంటు తర్వాతా అలాంటిది జరుగుతుంది. ఎవరినీ నిందించని సమీక్ష అని దాని పేరు. మనుషుల పేర్లు రాయరు. ప్రోగ్రాం ఎక్కడ తప్పింది, పద్ధతి ఎక్కడ తప్పింది అనేదే రాస్తారు. మంచి ఆచారం. ఈ రిపోర్టులో మాత్రం ఒక్క పేరు ఉంది. ఆపరేటర్లు పేరుకు ముందు అనవసరమైన విశేషణాలు చేర్చడం వల్ల గందరగోళం ఏర్పడిందనీ, మొదటి ఇన్సిడెంటును దాని యజమాని రాజేశం స్వయంగా మూసి, తర్వాత అదే విషయంపై పంతొమ్మిది తప్పుడు హెచ్చరికలు ఇచ్చాడనీ రాశారు. శ్రీల వరసలో చిన్న, పెద్ద ఎవరు వేశారో అందులో లేదు. నా నాలుగో నియమమూ లేదు. నేను మాట్లాడబోతే నా మైకు ఆపేశారు. ఆ నెలనుంచి చాట్‌లో నాకు ఆదేశాలిచ్చే అధికారం తీసేశారు. రిటైరయ్యే దాకా చదవడమే. వాలుగీత కొడితే ‘మీకు అనుమతి లేదు’ అనేది బాట్.

తర్వాత నేనే పుస్తకాలు చదివి కనుక్కున్నాను. ‘క్లోజ్’ ఆదేశానికి ఒక తోక ఉంది. యజమాని సెలవులో ఉంటే లీడ్ అతని తరఫున మూయవచ్చు. అలా మూసినప్పుడు చాట్‌లో యజమాని పేరే పడుతుంది. కొట్టిన చెయ్యి ఎవరిదో లోపలి దస్త్రంలో ఉంటుంది. దాన్ని చూపించమని కంపెనీకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. రిటైరయ్యాక రాశాను. ఏడు ఉత్తరాలు. మా ఇంట్లోవాళ్లు ఎందుకీ పంతం అన్నారు. కాలు ఉన్నవాడు ఉన్నాడు కదా, నీకేం పోయిందన్నారు. నాకు పోయింది నా పేరు. పంతొమ్మిదింటి కింద నేను పెట్టుకున్న పేరు నాది, దాని శిక్ష నేను పడతాను. ఆ ఒక్కదాని కింద ఇంకొకరు పెట్టిన పేరు నాది కాదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగేది ఇంతే. ఆదేశం ఎవరి పేరు మీద పోయిందో, ఎవరి చేత్తో పోయిందో రెండూ ఒకేచోట అందరికీ కనబడేలా రాయని దస్త్రాన్ని నమ్మవద్దు. తెరిచి ఉన్న ఇన్సిడెంట్లు ఎంత తక్కువో లెక్కపెట్టి పని బాగుందని చెప్పే మేనేజరును నమ్మవద్దు. రాసినదాన్ని అవతలివాడు చదివాడో లేదో అడిగి తెలుసుకోండి.

ఏడో ఉత్తరాన్ని కంపెనీకి కాక కిరణ్‌కే పంపాను. అతను ఆ కంపెనీ మానేసి పుణెలో ఉన్నాడని స్వప్న చెప్పింది, చిరునామా కూడా ఆమే ఇచ్చింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. అక్షరం మార్చకుండా కింద ఇస్తున్నాను.

‘అంకుల్, ఆ రోజు మూసింది నేనే. మీ తరఫున అని పెట్టి మూశాను. డ్యూటీ దిగేటప్పటికి నా పేరు మీద తెరిచినవి ఏవీ ఉండకూడదని అప్పట్లో మాకు చెప్పేవారు. రిపోర్టు మొదటి ప్రతి రాసింది కూడా నేనే, మేనేజర్ గారు రెండు మాటలు మార్చారు. ఈ రెండూ ఒప్పుకుంటూ ఇవాళ కంపెనీకి రాశాను, కాపీ దీంతో పెట్టాను. వాళ్లు దిద్దుతారో లేదో తెలియదు. మీరు ముందురోజు సాయంత్రం పెట్టిన పంతొమ్మిది పేర్లు నేను చదవలేదు. చదివి ఉంటే మూసేవాడివా అని మీరు అడుగుతారు. చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. మూసేవాణ్ని కాదని చెప్పలేను అంకుల్.’